ఊరి విపత్తు పటం: ఏది ఎంచుకోవాలి, దేని మీద అచ్చు వేయించాలి

నెల్లూరు, ప్రకాశం తీరంలో అనేక పట్టపుపాలేలు, అంటే మత్స్యకారుల పల్లెలు, సముద్రానికీ బకింగ్‌హామ్ కాలువకూ మధ్య ఉన్న ఇసుక పట్టీ మీద ఉన్నాయి. తుఫాను హెచ్చరిక వస్తే అక్కడి జనం పడమటికి కదలాలి. పడమటికి కదలాలంటే కాలువ దాటాలి. కాలువ మీద వంతెనలు ఊరికొకటి లేవు. ఉన్నవాటిలో ఏది లారీని మోస్తుందో, ఏది మనిషికీ మోటారు సైకిలుకూ మాత్రమే పనికొస్తుందో ఊరివాళ్లకు తెలుసు. నిన్నగాక మొన్న బదిలీపై వచ్చిన కార్యదర్శికి తెలియదు. పొరుగు జిల్లా నుంచి పడవలతో వచ్చే సహాయక బృందానికి అసలే తెలియదు. ఊరివాళ్లకు తెలిసిన ఆ సంగతులను అందరూ చదవగలిగేలా కాగితం మీద పెట్టాలి. ఊరి విపత్తు పటం అందుకే.

పంచాయతీ పెద్దలో, డ్వాక్రా సంఘాలో, బడి ఉపాధ్యాయులో ఈ పనికి పూనుకున్నప్పుడు మొదట తేలవలసింది దేన్ని ఆధారంగా తీసుకోవాలన్నది. సర్వే ఆఫ్ ఇండియా షీటు ఉంది, రెవెన్యూ గ్రామ పటం ఉంది, గూగుల్, ఇస్రో వారి భువన్ ఉన్నాయి, ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. వీటన్నిటికంటే పాతది, ఊరి జనం నేల మీద కూర్చుని గీసేది కూడా ఉంది.

నా సలహా ముందే చెబుతాను. జనం నేల మీద గీసినదాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీదికి ఎక్కించి, ఏ3 కాగితం మీద నలుపు తెలుపులో ఇంటింటికీ పంచండి. పెద్దది ఒకటి బడి గోడ మీద రంగులతో రాయించండి. మండలమంతా కనిపించే సర్వే ఆఫ్ ఇండియా షీటు ఒకటి గ్రామ సచివాలయంలో ఉంచండి. డబ్బో మనుషులో చాలకపోతే తర్వాతి రెండూ వాయిదా వేసుకోవచ్చు, మొదటిదాన్ని మాత్రం వాయిదా వేయకండి.

ఫోనులో మ్యాపు ఉండగా కాగితం ఎందుకని అడిగేవారు ప్రతి సమావేశంలోనూ ఉంటారు. తుఫాను గాలికి ముందు కూలేవి కరెంటు స్తంభాలు. టవరు దగ్గర బ్యాటరీ, డీజిలు ఉన్నంతసేపే సిగ్నలు. సిగ్నలు ఉన్నా ఫోను చూపేది మామూలు రోజుల దారినే. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగింది, రైలు కట్ట దెబ్బతింది. అలాంటప్పుడు తెలియవలసింది చుట్టుదారి ఎటు, ఆ దారిలో ఏ చప్టా ముందు మునుగుతుంది అన్న సంగతి. పది మంది చుట్టూ చేరి, వేలు పెట్టి చూపించుకుంటూ మాట్లాడుకోవడానికి అరచేతిలోని తెర చాలదు కూడా.

సర్వే ఆఫ్ ఇండియా షీటు

ఒకప్పుడు తీర ప్రాంతపు షీట్లు సామాన్యుల చేతికి వచ్చేవి కావు. 2005 జాతీయ పటాల విధానం తర్వాత సామాన్యుల కోసం ప్రత్యేక వరుస షీట్లు వచ్చాయి. ఇప్పుడు వాటిని సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు. స్కేలు 1:50,000. అంటే నేల మీద కిలోమీటరు కాగితం మీద 2 సెంటీమీటర్లు. మీ ఊరు మొత్తం ఆ రెండు సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. వీధులు కనిపించవు, కాలనీలు కనిపించవు.

ఈ షీట్లలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఎత్తు గీతలు సాధారణంగా 20 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. పడమటి కొండల వైపు అవి ఎంతో చెబుతాయి. తీరంలో ఊరికి ఊరే మొదటి గీతకు దిగువన ఉండిపోతుంది. అక్కడక్కడా వేసిన ఎత్తు అంకెలను పక్కన పెడితే, 2 మీటర్ల పల్లమూ 6 మీటర్ల ఇసుక దిబ్బా షీటు మీద ఒకేలా కనిపిస్తాయి. ఉప్పెనలో ప్రాణం నిలిచేదీ పోయేదీ సరిగ్గా ఆ తేడా దగ్గరే.

అయినా దాన్ని పక్కన పెట్టమనను. ఊరి నుంచి జాతీయ రహదారికి ఎన్ని దారులు, ఏ వాగు ఎక్కడి నుంచి దిగి వస్తుంది, ఎగువన ఏ చెరువు కింద ఏ చెరువు ఉంది అన్నవి ఒక్క చూపులో తెలిసేది ఇందులోనే. షీటు అంచున సర్వే జరిగిన సంవత్సరం రాసి ఉంటుంది, అది చూడకుండా దేన్నీ నమ్మకండి. జిల్లా పేర్లను అసలే నమ్మకండి. 2022 ఏప్రిల్ పునర్వ్యవస్థీకరణలో కందుకూరు వైపు మండలాలు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చాయి, గూడూరు వైపువి తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. ఆ తర్వాత సరిహద్దులు మళ్లీ మారాయి కూడా. మీ ఊరు ఏ జిల్లా కంట్రోల్ రూము కిందికి వస్తుందో అచ్చుకు ముందు తహసీల్దారు కార్యాలయంలో అడిగి రాయండి.

రెవెన్యూ గ్రామ పటం

విపత్తు పని చేసేవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. భూమి తగాదాల కాగితమని అనుకుంటారు. నా దృష్టిలో మన రెండు జిల్లాల్లో చౌకగా దొరికే వరద సమాచారం ఇదే. మీభూమి వెబ్‌సైటులో గ్రామ పటమూ, ఒక్కో సర్వే నంబరు కొలతలు చూపే ఎఫ్ఎంబీలూ చూడవచ్చు, సచివాలయంలోని సర్వేయరును అడిగినా చూపిస్తారు.

అందులో సర్వే నంబర్ల మధ్య చెరువు గర్భం, తూము కాలువలు, డొంకలు, వాగు పోరంబోకు విడివిడిగా గీసి ఉంటాయి. ఆ వాగు పోరంబోకు మీద ఇప్పుడు ఏముందో నడిచి చూడండి. ఇళ్లు లేచి ఉండవచ్చు, రొయ్యల గుంటలు తవ్వి ఉండవచ్చు, సిమెంటు రోడ్డు పడి ఉండవచ్చు. పెద్దవాన పడినప్పుడు నీరు ఆ పాత దారినే వెతుక్కుంటుంది. దారి దొరక్కపోతే పక్క వీధిలోకి ఎక్కుతుంది. చెరువు కలుజు (నిండాక మిగులు నీరు పొర్లే చోటు) ఏ వైపు పారుతుంది, ఆ నీరు ఏ డొంక గుండా ఏ వాగులో కలుస్తుంది అన్నది గ్రామ పటం మీద పెన్సిలుతో గీసుకుంటే, ఊళ్లో ఏ వీధి ముందు ఖాళీ చేయాలో దాదాపు తేలిపోతుంది.

తీర మండలాల్లో ఇది మరీ అవసరం. ఒకప్పటి వరి చేలు, ఉప్పు నేలలు చాలా చోట్ల రొయ్యల గుంటలయ్యాయి. గుంటల గట్లు ఎత్తుగా ఉంటాయి. వాన నీరు ఏటికి పోవడానికి గట్లు అడ్డం, పాత డొంక మీద నడిచి వెళదామంటే ఎవరో గేటు పెట్టి ఉంటారు. పాత గ్రామ పటాన్నీ ఈనాటి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెడితే గాని ఈ మార్పు అర్థం కాదు.

దీని లోపాలు కూడా పెద్దవే. ఇళ్లున్న చోటంతా గ్రామకంఠమని ఒకే నంబరుగా ఖాళీగా ఉంటుంది. వంతెనలు, తుఫాను షెల్టర్లు, కొత్త రోడ్లు ఉండవు. రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాపు, అంటే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. అలాంటి ఊళ్లలో సరిహద్దులకు కొత్త పటాన్ని, నీటి దారులకు పాత పటాన్ని చూడాలి. ఇంటింటికీ పంచే పటంగా ఇది పనికిరాదు. పటం తయారుచేసేవాళ్ల బల్ల మీద మాత్రం ఉండి తీరాలి.

గూగుల్, భువన్

గూగుల్ మ్యాపును తెర మీద ఫొటో తీసి అచ్చు వేయించడం అందరికీ మొదట తోచే దారి. పెద్దది చేసేసరికి అక్షరాలు మసకబారతాయి, దుకాణాల పేర్లు నిండిపోతాయి, మనకు కావలసిన చప్టా, కలుజు ఉండవు. మనం చేర్చుకోవడానికి వీలుండదు. దాని మీద గీసి మరో పటం తయారుచేయడానికి గూగుల్ షరతులు ఒప్పుకోవు. అచ్చు వేసినా వాళ్ల పేరు తీసేయకూడదు.

కంటితో చూసి తెలుసుకోవడానికి మాత్రం గూగుల్ ఎర్త్, ఇస్రో వారి భువన్ చాలా ఉపయోగం. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరిపి చూడవచ్చు. ఏటి మొగ ఎటు జరిగింది, సరుగుడు తోపు ఎక్కడ కొట్టేశారు, గుంటలు ఎప్పుడు వచ్చాయి అన్నవి అందులో తెలుస్తాయి. అంతవరకు వాడుకుని వదిలేయండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్

ఇది 2004లో మొదలైంది. ప్రపంచంలో ఎవరైనా ఖాతా తెరిచి తమ ఊరిని ఇందులో గీయవచ్చు, దిద్దవచ్చు, ఎన్ని కాపీలైనా అచ్చు వేసుకోవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు. పటం మూలన ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారమని రాయాలి, అంతే. మ్యాపు గీయడానికి ప్రభుత్వ అనుమతి కావాలేమోనని చాలామంది జంకుతారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత భారతీయులు పటం తయారుచేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. రక్షణ స్థావరాల లాంటి సున్నితమైన చోట్లను గుర్తించకుండా ఉంటే చాలు.

మీ ఊరిని అందులో తెరిచి చూస్తే నిరాశపడే అవకాశం ఎక్కువ. నెల్లూరు నగరంలో వీధులు బాగానే ఉంటాయి. పల్లెల్లో అయితే ప్రధాన రోడ్డు గీత, ఊరి పేరు, అదీ ఇంగ్లీషులో. ఈ ఖాళీని మీరే నింపుకోవచ్చు, నింపింది ఊరికి శాశ్వతంగా మిగులుతుంది. షెల్టరు, బడి, సచివాలయం, ఆరోగ్య ఉపకేంద్రం, ఓవర్‌హెడ్ ట్యాంకు, వంతెనలు, చప్టాలు, చెరువు కట్ట, కలుజు గుర్తించండి. ప్రతి చోటికీ తెలుగు పేరు వేరుగా నమోదు చేసే వీలుంది, అది వదలకండి. ఒక ఊరు గీసిన వంతెనలు పక్క ఊరి పటంలో కూడా కనిపిస్తాయి. తీరం వెంట నాలుగు పంచాయతీలు ఈ పని చేస్తే మండలానికే మంచి పటం తయారవుతుంది.

అచ్చుకు రెండు మార్గాలు. మ్యాప్‌ఓఎస్‌మాటిక్ అనే ఉచిత వెబ్‌సైటులో ప్రాంతం ఎంచుకుని కాగితం సైజు చెబితే, గళ్లు వేసి, ఏ పేరు ఏ గడిలో ఉందో సూచికతో సహా పీడీఎఫ్ ఇస్తుంది. కంప్యూటరు మీద మామూలు పరిచయం ఉన్నవారెవరైనా చేయగలరు. కాని గుర్తులు, రంగులు, ఏ పేరు పెద్దగా ఉండాలి అన్నవి చాలావరకు దాని ఇష్టమే. రెండోది క్యూజీఐఎస్ అనే, పటాలు తయారుచేసే కంప్యూటరు ప్రోగ్రాము. ఇదీ ఉచితమే. నేర్చుకోవడానికి కొంత కాలం పడుతుంది. నేర్చుకున్నాక తెలుగు పేర్లే వేయడం, కదలవలసిన దారిని లావుగా చూపడం, మునిగే చోట్లకు చారలు వేయడం, ఊరిని భాగాలు చేసి పుస్తకంలా వరుస పేజీలు అచ్చు తీయడం అన్నీ మన చేతిలో ఉంటాయి.

నా ఎంపిక క్యూజీఐఎస్, ఒక షరతుతో. ఊళ్లో ఇంజనీరింగు చదివే ఒక్క పిల్లవాడి మీదే ఆధారపడేటట్లయితే వద్దు. ఆ పిల్లవాడు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లాక పటం దిద్దేవారు ఉండరు. కనీసం ఇద్దరు నేర్చుకోవాలి, వారిలో ఒకరు ఊళ్లో ఉండే టీచరో సచివాలయ ఉద్యోగో అయితే మేలు. ఫైళ్లు ఎవరి సొంత ల్యాప్‌టాప్‌లోనో ఉండిపోకూడదు. అంత మంది దొరకకపోతే మ్యాప్‌ఓఎస్‌మాటిక్ పీడీఎఫ్ అచ్చు తీసి, దాని మీద నల్ల మార్కరుతో రాసి జెరాక్సు తీయించండి. ఏటా తిరిగి చేయగలిగిన సాదా పటం, ఎవరూ దిద్దలేని అందమైన పటం కంటే ఎంతో నయం.

నేల మీద ముగ్గుతో గీసే పటం

పైవన్నీ చూపలేనివి ఇందులో కనిపిస్తాయి. రామాలయం ముందో బడి ఆవరణలోనో నేల చదును చేసి నీళ్లు చల్లుతారు. ముగ్గుపిండి, ఇటుక ముక్కలు, వేపాకులు, పసుపు, బొగ్గు దగ్గర పెట్టుకుంటారు. ముందుగా సముద్రం గీత పడాలి, తర్వాత కాలువ, తర్వాత వంతెన. అక్కడి నుంచి మాటలు అవే వస్తాయి. ఇటుక ముక్కలు మిద్దె ఇళ్లు, వేపాకులు తోపులు, బొగ్గు గీత మునిగే దారి. ఒకావిడ వేపాకు తీసి పక్కకు జరుపుతుంది, ఆ తోపు ఇప్పుడు లేదంటుంది. మరొకరు కాలనీ దారి మీద బొగ్గుతో అడ్డంగా గీస్తారు, మోకాలి లోతు నీళ్లకే అక్కడ ఆటో ఆగిపోతుందంటారు. వృద్ధులు 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుకు నీరు ఎక్కడిదాకా వచ్చిందో, 2004 డిసెంబరు 26 సునామీ రోజున పడవలు ఎక్కడికి కొట్టుకువచ్చాయో చేతికర్రతో చూపిస్తారు.

ఇక్కడే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆ మనిషి ఊళ్లో లేకపోతే రెండో తాళం ఎక్కడ? షెల్టరులో బోరు పనిచేస్తోందా, మరుగుదొడ్లకు నీళ్లున్నాయా? మెరక మీద గేదెలను కట్టేయడానికి చోటు ఏది? పశువులను వదిలి రాలేమని జనం ఆగిపోవడం మన దగ్గర కొత్త కాదు. ఏ ఉపగ్రహమూ ఈ జవాబులు చెప్పదు.

లోపం ఏమిటంటే దూరాలు సరిగా ఉండవు. తమ వీధిని పెద్దగా, ఊరి చివరి ఎస్టీ కాలనీని ఒక చుక్కగా గీయడం సాధారణంగా జరుగుతుంది. వచ్చినవాళ్లకు తెలిసిందే పటంలోకి వస్తుంది. అందుకే కాలనీలో వేరుగా, ఆడవాళ్లతో వేరుగా మళ్లీ గీయించాలి. వేటకు వెళ్లేవాళ్లు ఇంటి దగ్గర ఉండే రోజు చూసుకోవాలి. గీసినదాన్ని ఫొటో తీసి ఊరుకోకుండా అప్పటికప్పుడు చార్టు మీదికి ఎక్కించండి. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు ఊరంతా నడిచి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అచ్చు ప్రతి మీద ఒక్కొక్క చోటును సరైన స్థానంలో గుర్తించాలి. రెండు పటాలు ఒకటయ్యేది ఆ నడకలోనే.

స్కేలు, కాగితం

ఏ3 కాగితం 42 సెంటీమీటర్ల పొడవు, 29.7 సెంటీమీటర్ల వెడల్పు. 1:5,000 స్కేలులో దాని మీద 2.1 కిలోమీటర్లు, ఇంచుమించు కిలోమీటరున్నర పడతాయి. మోస్తరు ఊరికి ఇది చక్కగా సరిపోతుంది. ఒక సెంటీమీటరు 50 మీటర్లు కాబట్టి, ముసలివారితో మెల్లగా పది నిమిషాల నడక పటం మీద దాదాపు 10 సెంటీమీటర్లు. పిల్లలు కూడా స్కేలు పెట్టి లెక్క కట్టగలరు. చిన్న పాలెమైతే 1:2,500 తీసుకోండి, ఇళ్లు విడివిడిగా కనిపిస్తాయి. కాగితం వెనక వైపు ఖాళీగా వదలకుండా 1:25,000లో ఊరి నుంచి రహదారి దాకా ఉన్న దారులు వేయండి. అందులో పది కిలోమీటర్ల పై చిలుకు పడుతుంది.

ఇంటి ప్రతి నలుపు తెలుపులోనే ఉండాలని గట్టిగా చెబుతాను. రంగుల పటాన్ని ఎవరో ఒకరు జెరాక్సు తీయించక మానరు. అప్పుడు ఎర్ర దారీ పచ్చ దారీ ఒకే బూడిద రంగవుతాయి. మునిగే చోటుకు అడ్డ చారలు, వెళ్లవలసిన దారికి లావు గీత, తెగే దారికి చుక్కల గీత అని మొదటే పెట్టుకుంటే ఎన్నో జెరాక్సు తీసినా అర్థం చెడదు. జెరాక్సు, లేజరు ప్రింటు తడిసినా అక్షరాలు కరగవు. ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటరులో తీసినది మాత్రం నాలుగు చినుకులకే కారిపోతుంది. లామినేషన్ పంచాయతీ, అంగన్‌వాడీ, పడవ సంఘం ప్రతులకు చాలు. ఇళ్లలో రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోనే ఇదీ మడిచి పెట్టుకోమని చెప్పండి. బయలుదేరేటప్పుడు ఎవరూ మరిచిపోని కవరు అది.

ఫ్లెక్సీ త్వరగా వస్తుంది, చదరపు అడుగు లెక్కన చౌక, సమావేశానికి బాగుంటుంది. ఎండకు వెలిసిపోతుంది, అసలు తుఫాను గాలికే చిరిగిపోతుంది. శాశ్వతంగా ఉండాలంటే గోడ మీద ఎనామిల్ రంగులతో రాయించండి, బోర్డులు రాసే ఆర్టిస్టులు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. గోడ పటంలో చాలామంది చూసుకోనిది దిక్కు. చూసేవాడి ముఖం ఏ దిక్కుకు ఉంటుందో ఆ దిక్కు పటంలో పైకి రావాలి. గోడ వైపు చూస్తే ముఖం తూర్పుకు ఉంటే సముద్రం పైన, పడమరకు ఉంటే రహదారి పైన. అప్పుడు పటంలో కుడి వైపు దారి నిజంగా కుడి చేతి వైపే ఉంటుంది. ఉత్తరమే పైన ఉండాలన్న నియమాన్ని గోడ విషయంలో పక్కన పెట్టండి, బాణం గుర్తు వేస్తే చాలు.

తెలుగు అక్షరాల గురించి ఒక హెచ్చరిక. మన డీటీపీ, ఫ్లెక్సీ షాపుల్లో చాలావరకు ‘అను’ అనే రకం ఫాంట్లలో పని చేస్తారు, మనం ఫోనులోనూ క్యూజీఐఎస్‌లోనూ వాడేది యూనికోడ్ అనే వేరే పద్ధతి. ఫైలు అలాగే ఇస్తే ఒత్తులు, గుడులు చెదిరిపోయి ఊరి పేరే మారిపోతుంది. పీడీఎఫ్ చేసి ఇవ్వండి, అచ్చుకు ముందు ఒక ప్రతి తీయించి ప్రతి పేరూ చదవండి. చదవడం అంతగా రానివాళ్ల కోసం షెల్టరుకు, బడికి, గుడికి, చర్చికి, మసీదుకు చిన్న బొమ్మలు వేస్తే వీధి పేర్ల అవసరమే పెద్దగా ఉండదు.

పటం మీద ఉండకూడనివి కూడా ఉన్నాయి. మంచం పట్టినవారు, గర్భిణులు, ఒంటరి వృద్ధులు ఏ ఇంట్లో ఉన్నారో ముందుగా తెలియాలి, వాళ్లనే ముందు తరలించాలి. ఆ జాబితా ఆశా కార్యకర్త దగ్గర, సచివాలయంలో ఉండాలి. గోడ మీదా, పంచే కాగితం మీదా పేర్లు, ఇళ్లు వేయకండి. ఒంటరి మనిషి ఇల్లు ఏదో ఊరందరికీ, దారిన పోయేవారికీ చూపించడం ఆ మనిషికే ముప్పు. నంబర్లలో 112, 108, రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లా కంట్రోల్ రూము 1077 చాలు. వ్యక్తుల ఫోను నంబర్లు ఏడాది తిరగకుండా మారతాయి, వాటికి పెన్సిలుతో రాసుకునే ఖాళీ గడి ఇవ్వండి.

మీ ఊరు ఎలాంటిదైతే ఏది

తీరంలోని పాలేనికి నేల మీద గీసిన పటం, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రెండూ తప్పనిసరి. వంతెనలు, దిబ్బలు, షెల్టరు స్పష్టంగా ఉంటే మిగతాది తక్కువైనా ఫరవాలేదు. నెల్లూరులో పెన్నా ఒడ్డున ఉన్న వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ లాంటి చోట్ల వీధుల పటం చాలావరకు సిద్ధంగానే దొరుకుతుంది. అక్కడ మ్యాప్‌ఓఎస్‌మాటిక్‌తో మొదలుపెట్టి, పొర్లుకట్ట ఎక్కడ బలహీనంగా ఉంది, 2021లో నీరు ఏ వీధి మలుపు దాకా వచ్చింది అన్నవి ఇల్లిల్లూ తిరిగి చేర్చడం మీద శ్రమ పెట్టండి. ఇళ్ల గోడల మీద ఆనాటి నీటి మరక ఇంకా ఉన్న చోట నేల నుంచి దాని ఎత్తు కొలిచి పటం మీద సెంటీమీటర్లలో రాయండి. కట్ట కింద బతికేవారికి అంతకంటే స్పష్టమైన హెచ్చరిక మరొకటి లేదు.

ప్రకాశం మెట్ట మండలాల్లో సముద్రం భయం లేదు, చెరువు గండి భయం ఉంది. అక్కడ మొదటి కాగితం రెవెన్యూ గ్రామ పటం, రెండోది సర్వే ఆఫ్ ఇండియా షీటు. ఎగువ చెరువు తెగితే నీరు ఏ వాగున ఎవరి ఊరి మీదికి వస్తుందో ఒక్క పంచాయతీ పటంలో కనిపించదు. ఎగువ, దిగువ ఊళ్ల సాగునీటి సంఘాల పెద్దలు కలిసి కూర్చుని ఒకే షీటు మీద గీయాలి. రాత్రివేళ ఎవరు ఎవరికి ఫోను చేయాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

పటం మూలన నెల, సంవత్సరం పెద్ద అక్షరాలతో ఉండాలి. మన తీరానికి తుఫానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మే నెలనూ మరిచిపోకూడదు, 2010లో లైలా మే 20న అదే వైపు వచ్చింది. అందుకని ఏప్రిల్‌లో ఒకసారి, వినాయక చవితి పందిళ్లు తీశాక మరోసారి ఊరంతా నడిచి సరిచూడండి. కొత్త ప్రతి ఇచ్చేటప్పుడు ఇంటింటా పాతది వెనక్కి తీసుకోండి. ఒకే ఇంట్లో రెండు ఏళ్ల పటాలు ఉంటే హడావుడిలో చేతికి ఏది వస్తుందో చెప్పలేం. తీసుకున్న పాత ప్రతుల్లో ఒక్కటి మాత్రం తేదీతో సహా సచివాలయం బీరువాలో దాచండి. వాగు ఎప్పుడు ఆక్రమణకు గురైంది, చప్టా ఎప్పుడు కూలింది అని రేపు అధికారులకు రాసే అర్జీకి దాన్ని జత చేయవచ్చు.